టీకా రోజున తల్లినీ తూచండి

బుధవారం ఉదయం ఏ ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్ళినా ఈ దృశ్యమే కనిపిస్తుంది. వరండాలో చంటిబిడ్డల తల్లులు, వాళ్ళ వెనక అమ్మమ్మలు. బిడ్డ బట్టలు విప్పి తూకం మీద పడుకోబెడతారు. బిడ్డ కెవ్వుమంటుంది. ఏఎన్ఎం అంకె చెప్పేలోపే నలుగురు ముందుకు వంగి చూస్తారు. నాలుగు కిలోల మూడు వందలు! అమ్మమ్మ ముఖం విప్పారుతుంది. కార్డు మీద చుక్క పడుతుంది. ఆ చుక్క ఏ రంగు పట్టీలో పడిందన్నది ఆ పూటకి ఇంటిల్లిపాదికీ పెద్ద వార్త. నెలన్నర రోజులు తన ఒంట్లోంచి తీసి ఆ బరువంతా బిడ్డకు పోసిన మనిషి మాత్రం చేతిలో తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడి ఉంటుంది. ఆమెను ఎవరూ తూచరు.

కడుపుతో ఉన్నప్పుడు ఇదే గదిలో ఆమెను వచ్చిన ప్రతిసారీ తూచారు. కాన్పయిన మరునాటి నుంచి ఆమె బరువు ఏ పుస్తకానికీ ఎక్కదు. కానీ అందరి నోళ్ళలోనూ ఉంటుంది. బారసాలకు వచ్చిన పిన్నిగారు ‘ఇంత లావయిపోయావేంటే’ అంటుంది. అదే పందిట్లో మరొకావిడ ‘పీక్కుపోయావు, బిడ్డకి పాలు చాలుతున్నాయా అసలు’ అంటుంది. ఒక మాట విని ఆమె రాత్రి అన్నం మానేస్తుంది. ఇంకో మాట విని డబ్బాపాలు తెప్పిస్తుంది. రెండూ కంటిచూపుతో వేసిన తూకాలే.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలల టీకాలకూ, తొమ్మిదో నెల టీకాకూ వచ్చినప్పుడు బిడ్డతో పాటు తల్లినీ తూచాలి. ఆ అంకెను బిడ్డ బరువు పక్కనే రాయాలి. గర్భిణిగా మొదటిసారి పేరు నమోదు చేయించుకున్న నాటి బరువు అదే కార్డులో ఉంటుంది కాబట్టి, దానితో పోల్చి ఆమె కంచంలో ఏం మారాలో ఇంట్లో వాళ్ళ ముందే చెప్పాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త యంత్రమూ అక్కర్లేదు. 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీలకు ఇచ్చిన సామగ్రిలో తల్లినీ బిడ్డనూ తూచే యంత్రం ఉంది. పెద్దవాళ్ళు నిలబడే తూకం ఉపకేంద్రంలోనూ ఉంది.

బాలింత ఒంట్లో బరువు ఎలా కదులుతుందో తెలిస్తే ఈ నాలుగు తూకాలు ఎందుకో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మన ఆడవాళ్ళు కడుపుతో ఉండగా 10 నుంచి 12 కిలోలు పెరగాలని పోషకాహార నిపుణులు చెబుతారు. అందులో బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పోయిన రక్తం కలిపి అయిదారు కిలోలు కాన్పు నాడే దిగిపోతాయి. ఒంట్లో చేరిన నీరు మొదటి రెండు వారాల్లో చెమటగా, మూత్రంగా పోయి ఇంకో రెండు కిలోలు తగ్గుతాయి. కాన్పు వేళకు దాదాపు కిలో బరువుండే గర్భసంచి ఆరు వారాలకు 60 గ్రాములకు దగ్గరగా ముడుచుకుంటుంది. అందుకే పదో రోజున కనిపించే పొట్ట కొవ్వు కాదు. మూడు నెలలనాటి గర్భిణిలా కనిపించడం ఆ రోజుల్లో సహజం. ఇక మిగిలిన మూడు నాలుగు కిలోలు మాత్రం ఒళ్ళు కావాలని దాచుకున్న కొవ్వు. పాల కోసం దాచుకున్నది.

పాలిచ్చే తల్లికి రోజుకు సగటున ముప్పావు లీటరు పాలు ఊరతాయి. వాటిలో ఉండే శక్తి 500 కేలరీల పైమాట. ఆ పాలు తయారు చేయడానికి ఒళ్ళు పెట్టే ఖర్చు దానికి అదనం. అందుకే హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల్లో మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా తినాలని చెప్పింది. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య 520 కేలరీలు. ఇదేమీ కొండంత తిండి కాదు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక కప్పు ముద్దపప్పు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు, ఒక అరటిపండు కలిపితే దాదాపు అంతే.

ఇప్పుడు మన ఇళ్ళలో బాలింత కంచం చూడండి. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. కొన్ని ఇళ్ళలో పాత చింతకాయ పచ్చడి. పప్పు పెడితే కుట్లు చీము పడతాయంటారు. పెరుగు చలువ, పండ్లు జలుబు, ఆకుకూర బిడ్డకు విరేచనాలు, వంకాయ దురద. నీళ్ళు తాగితే పొట్ట ఊరుతుందని గుటకలు లెక్కపెట్టి ఇస్తారు. ఇది ప్రేమ లేక చేసే పని కాదు. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో, తమ అమ్మలు చేసినట్టే చేస్తున్నారు. కానీ కోతపుండు మానడానికి కావలసిన సరుకే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు మాన్పించి పుండు మానాలని చూడటం ఇటుకలు ఇవ్వకుండా గోడ కట్టమనడమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. అంటే కుట్లు ఉన్న తల్లులు ఇన్ని లక్షల మంది ఉన్న రెండు రాష్ట్రాల్లో, సరిగ్గా కుట్ల పేరు చెప్పే వాళ్ళ పప్పు ఆపుతున్నాం.

ఇలా తెల్లన్నం తప్ప పెద్దగా ఏమీ లేని తిండి ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి, అదీ తెలుగు గడ్డ మీదనే. ఉత్తర సర్కారు జిల్లాల్లో మిల్లులో బాగా తెల్లగా పట్టించిన పచ్చి బియ్యమే ప్రధాన ఆహారం కావడంతో బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. అప్పట్లో నీలగిరుల్లోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయానికి అక్రాయిడ్ అనే శాస్త్రవేత్త అధిపతి. ఆయన, కృష్ణన్ అనే సహచరుడు కలిసి మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో పసిబిడ్డల మరణాల మీద చేసిన అధ్యయనం 1941లో వెలువడింది. తవుడు పోయిన బియ్యంలో థయమిన్, అంటే బి1 విటమిన్, దాదాపు మిగలదు. తల్లి ఒంట్లో లేనిది పాలల్లోకి రాదు. పాలు తాగుతూ బొద్దుగా కనిపించే బిడ్డ కొద్ది నెలల వయసులో హఠాత్తుగా ఆయాసపడి గుండె ఆగి పోయేవాడు. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన ఊళ్ళ బిడ్డల చావులను చదివిన సంస్థ మన ఊరికే వచ్చి చెప్పిన మాటను మనం ఇంకా వినవలసే ఉంది.

అది పాతకాలం కథ అనుకోవద్దు. ఇటీవలి సంవత్సరాల్లో బెంగళూరు గుండె వైద్యులు తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డల్లో ఇలాంటి జబ్బునే చూశారు. బిడ్డకు పాలు పట్టవు, ఆయాసం, ఆగని ఏడుపు, బొంగురు గొంతు. పరీక్ష చేస్తే ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తనాళాల్లో ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగి ఉంటుంది. థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలామంది తేరుకున్నారు. ఆ తల్లులను అడిగితే తెలిసింది ఇదే: మరపట్టిన తెల్లబియ్యం, దాన్ని మూడు నాలుగుసార్లు కడిగి గంజి వార్చిన అన్నం, కాన్పు తర్వాత కట్టుదిట్టమైన పథ్యం. గంజి వార్చినప్పుడు నీళ్ళతో పాటు ఆ విటమినూ తూముకే పోతుంది.

ఇక్కడ ఒక విషయం విడమరచి చెప్పాలి. తల్లి కాస్త తక్కువ తిన్నంత మాత్రాన పాలు ఆగిపోవు. బిడ్డకు వెళ్ళే పిండిపదార్థం, మాంసకృత్తులు, కాల్షియం చాలావరకు తగ్గవు. ఒళ్ళు వాటిని తల్లి కండ నుంచి, ఎముక నుంచి తీసి ఇస్తుంది. పాలిచ్చే నెలల్లో ఎముకల్లోని ఖనిజం మూడు నుంచి అయిదు శాతం దాకా తగ్గుతుంది. పాలు మాన్పించాక మళ్ళీ పూడుతుంది. బిడ్డ చుక్క ఆకుపచ్చ పట్టీలో ఉందంటే తల్లి బాగుందని అర్థం కాదు. బిడ్డ తూకం ఒక్కటే చూస్తే తల్లి అరుగుదల ఎన్నటికీ కనిపించదు. అందుకే రెండు తూకాలు కావాలి.

అమ్మమ్మల పథ్యంలో ఉంచుకోవలసినవి చాలా ఉన్నాయి. నలభై రోజుల విశ్రాంతి, ఒళ్ళు పట్టే నూనె మర్దన, వేడివేడి తిండి. నువ్వులు, మునగాకు, మెంతికూర, వెల్లుల్లి, కోస్తాలో బాలింతకు ఏరికోరి తెచ్చే పాలసొర చేప. బలమైన తిండి ఏదో మన పెద్దవాళ్ళకు తెలుసు. పెట్టే జాబితాను మెచ్చుకుని, మానిపించే జాబితాను చింపేస్తే చాలు. బిడ్డ రొమ్ము పట్టిన ప్రతిసారీ తల్లి పక్కన ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టడం కూడా పథ్యమే అనుకోవాలి.

ఇదంతా ఒక వైపు. రెండో వైపు బరువు తగ్గని తల్లులు. ముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. ఉండవలసిన దానికంటే బక్కగా ఉన్నవాళ్ళు ఆంధ్రలో 14.8, తెలంగాణలో 18.8 శాతం. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళలో ఒకరు అటు, ఒకరు ఇటు. ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. ఎవరు ఎటు ఉన్నారో చెప్పగలిగేది తూకం ఒక్కటే. 150 సెంటీమీటర్ల ఎత్తున్న తల్లి 42 కిలోల కంటే తక్కువుంటే ఆమె తిండి పెంచాలి. 52 దాటితే కదలిక పెంచాలి, తీపి తగ్గించాలి. మన దేశపు వైద్యులు అధిక బరువుకు గీసిన గీత బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23. ఈ 52 కిలోల అంకె దాని ప్రకారమే.

పాలిస్తే లావు దానంతటదే కరుగుతుందని చాలామంది చెబుతారు. కొందరికి అది నిజం. నెలకు అరకిలో, ఆ పైన కాస్త తగ్గుతూ పోతారు. ఇంకొందరికి పాలిచ్చే నెలల్లో ఆకలి ఇంతింతై, నిద్రలేక, కూర్చున్న చోటునుంచి లేచే వీలు లేక బరువు నిలిచిపోతుంది, పెరుగుతుంది కూడా. వాళ్ళు తప్పేమీ చేయలేదు. అయినా చుట్టూ ఉన్నవాళ్ళ చూపులకు నొచ్చుకుని, సెల్‌ఫోన్‌లో కనిపించిన ప్రతి చిట్కాకూ చేయి చాస్తారు. అన్నం పూర్తిగా మానేసి మాంసం, వెన్న మాత్రమే తినే కీటో పద్ధతి పాలిచ్చే తల్లికి ప్రమాదం. స్వీడన్‌లో అలా తిన్న ఒక బాలింత రక్తంలో ఆమ్లం పెరిగి ఆస్పత్రిపాలైన సంగతి 2015లో వైద్య పత్రికలో వచ్చింది. పాలకు పిండిపదార్థం వెళ్ళిపోతూ, తిండిలో అది రాకపోతే ఒళ్ళు తట్టుకోలేదు. బరువు తగ్గిస్తామనే మూలికల టీలలో ఏముందో డబ్బా మీద సరిగా రాయరు. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన, వారానికొకటి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్లు పాలిచ్చే నెలల్లో డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

మరి లావున్న తల్లి పాలు మాన్పించేదాకా ఆగాలా? అక్కర్లేదు. అమెరికాలోని ఉత్తర కరొలినాలో లవ్‌లేడీ అనే పోషకాహార శాస్త్రవేత్త బృందం 40 మంది అధిక బరువున్న పాలిచ్చే తల్లులను తీసుకుంది. బిడ్డకు నెల వయసు నుంచి పది వారాలు, దాదాపు సగం మందికి రోజుకు 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల వ్యాయామం చేయించారు. వాళ్ళు సగటున 4.8 కిలోలు తగ్గారు. మామూలుగా ఉన్నవాళ్ళు తగ్గింది 0.8 కిలో. రెండు గుంపుల బిడ్డలూ బరువులో, పొడుగులో సమానంగానే ఎదిగారు. 2000లో ఈ ఫలితాలు వచ్చాయి. అంటే పాలు బాగా కుదురుకున్నాక, వారానికి అరకిలోకు మించకుండా తగ్గితే బిడ్డకు నష్టం లేదు. ఈ మాట లావున్న తల్లికి మాత్రమే. 45 కిలోల తల్లికి ఇదే సలహా చెప్పడం ఆమెకు హాని.

మన ఇళ్ళలో ఇది ఎలా కుదురుతుంది? నెయ్యి ముద్దకు బదులు చెంచా చాలు. సున్నుండలు బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళకూ పంచండి. గిన్నెడు అన్నంలో సగం తీసి పప్పూ కూరా పెంచండి. మామూలు కాన్పయితే కొద్ది రోజుల్లోనే ఇంటి వసారాలో అటూ ఇటూ నడవచ్చు. పెద్దాపరేషనయిన వాళ్ళు డాక్టరు సరే అన్నాకే బరువైన వ్యాయామానికి దిగాలి, దానికి ఆరు వారాలైనా పడుతుంది. పొట్టకు గుడ్డ బిగించి కడితే కొవ్వు పోదు. నడుముకు ఊతం దొరుకుతుందంటే వదులుగా కట్టుకోవచ్చు. పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి సంచిలా వేలాడుతుంటే ఫిజియోథెరపిస్టు నేర్పే కసరత్తులున్నాయి.

తూకం ఇంకో మేలు కూడా చేస్తుంది. తిండి మారకుండానే బరువు గబగబా తగ్గి, గుండె దడ, చేతుల వణుకు ఉన్నా, కొన్ని నెలలకు ఒళ్ళు బరువెక్కి నీరసం కమ్మినా, కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు కావచ్చు. చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్ళకు ఆరో వారంలో మళ్ళీ పరీక్ష చేయాలని నియమం ఉంది. బిడ్డ టీకాకు వచ్చిన తల్లిని అదే రోజున తూకం దగ్గర నిలబెడితే ఆ పరీక్ష సంగతీ గుర్తొస్తుంది. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ అన్న సంగతి మరిచిపోకూడదు.

తిండి దొరకని తల్లుల మాట ముందు చెప్పవలసింది. మిర్చి కోతకు, వరి నాట్లకు నెలకే వెళ్ళిపోయే కూలితల్లికి పథ్యం కంటే పేదరికమే పెద్ద సమస్య. చట్టం జీతంతో కూడిన 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది, కానీ అది ఆమెను చేరదు. ఆమెకున్న హక్కు 2013 ఆహార భద్రత చట్టం. కాన్పయిన ఆరు నెలల దాకా పాలిచ్చే తల్లికి అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమృతహస్తం పేరుతో అంగన్‌వాడీలో పూట భోజనం మొదలైంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మిగా సాగుతోంది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. పైన చెప్పుకున్న పాలు, గుడ్డు, పప్పు ఇందులోనే ఉన్నాయి.

కానీ ఒక చిక్కు ఉంది. బాలింత పుట్టింట్లో ఉంటుంది, పేరు అత్తింటి ఊరి అంగన్‌వాడీలో ఉంటుంది. ఇరవయ్యొకటో రోజున బావిలో చేద వేసేదాకా గడప దాటదు. భోజనం అత్యవసరమైన నెలల్లోనే ఆమె భోజనం అందని చోట ఉంటుంది. అంగన్‌వాడీలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్పించుకోవచ్చు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన రోజే తండ్రో అన్నో వెళ్ళి ఆ పని చేయించాలి. ఆమె ఇల్లు కదలలేని రోజుల్లో గుడ్లు, పాలు ఇంటికే అందాలి. ఆశ కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆ ఇంటికి ఎలాగూ వస్తుంది. బిడ్డను తూచే తూకం ఆమె చేతిలో ఉంటుంది. అదే వేళ తల్లి కంచంలో ఏం వేశారో చూడమని ఆమెకు చెబితే చాలు.

ఏఎన్ఎంలకు పని ఎక్కువవుతుందని కొందరంటారు. వాళ్ళ మీద ఉన్న రిజిస్టర్ల బరువు నిజమే. అయినా మనిషిని తూచడానికి పట్టేది అర నిమిషం, దాంతో తప్పే జబ్బులకు పట్టేది నెలలు. తల్లులు సిగ్గుపడతారని ఇంకో మాట. ఇది తీసిపారేయదగ్గది కాదు. అందరి ముందూ అంకె అరిచి చెప్పడం వద్దు. తెర చాటున తూచి, కార్డులో రాసి, ఆమెకు మాత్రమే చెప్పాలి. ‘లావయ్యావు’, ‘చిక్కావు’ అన్న మాటలు ఆ గదిలో వినిపించకూడదు. చెప్పవలసింది ‘రోజూ ఒక గుడ్డు తిను’, ‘సాయంత్రం అరగంట నడువు’ అనే మాటలు.

ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ ఉమ్మడిగా ఒక ఉత్తర్వు ఇచ్చి, తల్లీబిడ్డల కార్డులో నాలుగు గళ్ళు అచ్చు వేయిస్తే ఈ పని రాష్ట్రమంతా నడుస్తుంది. అది వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఇది చదువుతున్న అమ్మమ్మలు, నానమ్మలు, బిడ్డ తండ్రులు వచ్చే బుధవారమో శనివారమో టీకాకు వెళ్ళినప్పుడు, బిడ్డను తూకం మీది నుంచి చేతుల్లోకి తీసుకుని ‘మా అమ్మాయిని కూడా తూచండమ్మా’ అని అడగండి. ఆ అంకెను కార్డు చివరి పేజీ మీద మీరే పెన్నుతో రాసుకోండి. ఇంటికి రాగానే ఆమె కంచంలో పప్పు వేయండి.